నీటముంపు నోర్చిన వరి: ఒక కొలతయొక్క చరిత్ర

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ రజతోత్సవ సమయమున ప్రత్యేక సంచికకు చరిత్రవిషయకమగు వ్యాసమొకటి వ్రాయవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. చరిత్ర యనగా రాజుల వంశావళులును, యుద్ధములును, శిలాశాసనములును మాత్రమే యని మనలో పెక్కండ్ర తలంపు. కాని మనము ప్రతిదినమును భుజించు అన్నపు మెతుకునకును చరిత్ర కలదు. అందును వలసలు కలవు, ఓటములు కలవు, చిరకాలమునకు లభించిన గెలుపులును కలవు. లెక్కలు వ్రాయుట నా వృత్తియగుటచే నాకు కొలతలయందు ఆసక్తి మెండు. కావున వరిపైరు నీటముంపునకు ఎంతవరకు ఓర్వగలదని మనుష్యులు కొలువ నేర్చిన విధమును, ఆ కొలతవలన కలిగిన మేలును తెలిసినంతవరకు విన్నవించుకొందును.

మన పూర్వులు కొలతలయందు అశ్రద్ధ చూపినవారు కారు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సీతాధ్యక్ష ప్రకరణమునందు, అనగా రాజుయొక్క సేద్యపు భూములను విచారించు అధికారి విధులను చెప్పుచోట, వర్షమును ద్రోణములతో కొలిచిన లెక్క కలదు. జాంగలదేశములకు 16 ద్రోణములు, నీరు సమృద్ధిగాగల అనూపదేశములకు అంతకు సగము హెచ్చు, అశ్మకమునకు 13½, అవంతికి 23 అని అందు చెప్పబడినది. ఈ అశ్మకము గోదావరీతీరదేశమే. దాని ముఖ్యపట్టణమగు పోదనము నేటి నిజామాబాదు జిల్లాలోని బోధనేయని పెక్కురు చరిత్రకారుల అభిప్రాయము. అమరసింహుడు తన నిఘంటువున నదీజలముచే పండు దేశమును నదీమాతృకమనియు, వానచే పండు దేశమును దేవమాతృకమనియు వేర్వేరుగ పేర్కొనెను. వానను కొలిచిరి, నేలను కొలిచిరి, కళ్లములోని రాశిని కొలిచిరి. కాని ఆపద వచ్చినపుడు మొక్క లోలోపల ఏమి చేయునో, ఏ మొక్క ఎన్నిదినములు ఓర్చునో కొలిచిన లెక్క నేను చదివిన ప్రాచీన గ్రంథములలో నాకు కానరాలేదు. ఆ పని మన కాలమువారికి మిగిలినది.

ధవళేశ్వరముకడ ఆర్థర్ కాటన్ దొర పర్యవేక్షణమున 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ఆనకట్టవలన గోదావరి డెల్టా నిజముగ నదీమాతృకమయ్యెను. అయినను తల్లియే ఒక్కొక్కప్పుడు బిడ్డను ముంచుచుండును. 1986 ఆగస్టునందలి గోదావరి వరదను చూచినవారు నేటికిని ఆ మాట తలచుకొని దీర్ఘముగ నిట్టూర్తురు. 2022 జూలైలోను నది మహోగ్రముగ వచ్చెను. అంత పెద్ద వరద రాకున్నను, ఊడ్పులైన కొలది దినములకే కుండపోతగా వాన కురిసి, మురుగుకాలువలు నీటిని లాగనపుడు పల్లపుచేలు మునిగిపోవుట డెల్టావాసులకు క్రొత్త కాదు.

వరి నీటిలో పెరుగు పైరేకదా, దానికి నీటివలన భయమేమి యని పట్టణవాసులు అడుగుదురు. వరి వేళ్లు నీటిలో నుండగలవు. తల మాత్రము గాలిలో నుండవలెను. ఆకులవరకు మునిగినపుడు మొక్కకు ఊపిరి సలుపదు. గాలిలో వాయువులు వ్యాపించు వేగముతో పోల్చిచూచినచో నీటిలో వాని వేగము సుమారు పదివేలవ వంతు మాత్రమే. బురదనీటిలో వెలుతురును చాలదు. కావున మొక్క తన ఆహారమును తాను వండుకొనలేదు. మొక్కలో సహజముగ పుట్టు ఇథిలీన్ అను వాయువు బయటకు పోలేక లోపలనే నిలిచిపోవును. అది నిలిచిన కొలదియు మొక్కకు, “ఎట్లయినను పైకి సాగి గాలినందుకొనుము” అను ఆజ్ఞ కలుగును. అంతట మొక్క కాండములో దాచుకొన్న పిండిపదార్థమునంతయు వెచ్చించి ఆకులను పొడవుగ సాచును. నీరు త్వరగ తీసినను ప్రయోజనము లేదు. సన్నగిలి సాగిన మొక్క నిలువలేక పడిపోవును; దాచిన దంతయు వెచ్చమైనందున మరల చిగురింపదు. ఒక్కసారిగ వచ్చి తగిలిన గాలియు, ఎండయుగూడ దానికి క్రొత్త బాధయగును. కావుననే నీరు తీసిననాడు పచ్చగ కనబడిన చేను వారముదినములకు కుళ్లిపోవుట కలదు.

ఈ సంగతి నేను పుస్తకమున చదువుటకు ముందే చేనిగట్టున నేర్చుకొంటిని. నేర్చుకొన్నది నా తప్పువలన. కొన్నియేండ్ల క్రిందట ముంపు తీసిన మూడవదినమున పంటనష్టపు లెక్క వ్రాయువారితో కలిసి నేను చేలకు వెళ్లితిని. పల్లపున ఒక కౌలురైతు చేను ఏపుగా, పచ్చగా కనబడెను. మెరకచేలకంటె అదియే పొడవుగ నుండెను. “దీనికి నష్టమేమియు లేదు” అని నేను చెప్పితిని, అట్లే వ్రాయబడెను. పదిదినములు గడిచినపిమ్మట ఆ దారిని పోవుచు చూడగా, చేను మొత్తము గోధుమరంగుకు తిరిగి నేలకంటుకొని యుండెను. 33 శాతమునకు తగ్గక నష్టమైననే సహాయమునకు అర్హత యను నియమము 2015 నుండి ఉన్నది. ఆ చేనికి నూటికి నూరు వంతులు నష్టమైనను, మా కాగితమున సున్నయే. నేనా రైతునొద్దకు పోయి చెప్పుకొనగా అతడనిన మాట నేటికిని నా చెవులలో నున్నది. కరణీకములు 1984లో రద్దయినను మా ఇంటివారిని ఊరివారింకను ఆ పేరుతోనే పిలుతురు. “కరణంగారండీ, మీరు చూసిన రోజున పచ్చగానే ఉందండి. మీరు అబద్ధం రాయలేదు. రెండువారాలాగి రాయాల్సింది, అంతేనండి” అనెను. నేను చేసినది అబద్ధపు లెక్క కాదు, అకాలపు లెక్క. కొలువవలసిన దినము తప్పినచో నిజమైన కొలతయు అబద్ధమే యగునని నాకప్పుడు తెలిసినది.

ఆ రైతు చెప్పిన రెండువారముల మాటయే శాస్త్రజ్ఞుల పద్ధతియని తరువాత చదివి ఆశ్చర్యపడితిని. ముంపునకోర్చు గుణమును పరీక్షించువారు రమారమి పదునాలుగు దినముల నారును తొట్లలో పూర్తిగ ముంచుదురు. ముంచుటకు ముందు ఒక్కొక్క మొక్క ఎత్తును కొలబద్దతో కొలిచి వ్రాసికొందురు. పరీక్షింపదలచిన వంగడముల ప్రక్కనే, బాగుగ ఓర్చునని తెలిసినదానినొకదానిని, ఓర్వలేదని తెలిసినదానినొకదానిని సాక్షులుగ నుంచుదురు. పదునాలుగు దినములకు, లేదా ఓర్వలేని సాక్షి చాలవరకు నశించినట్లు కనబడినపుడు, నీటిని తీసి మరల ఎత్తును కొలుతురు. అయితే బ్రదికిన మొక్కలను అప్పుడు లెక్కింపరు. ఒకటి రెండు వారములు ఆగి, క్రొత్త ఆకు వేసిన మొక్కలనే బ్రదికినవిగ లెక్కింతురు. ఆ సంఖ్యను ఓర్చు సాక్షి సంఖ్యతో పోల్చి 1 మొదలు 9 వరకు గల తరగతులలో నొకదానియందు చేర్తురు. 1 ఉత్తమము, 9 అధమము. కాండమున మిగిలిన పిండిపదార్థమును, ఆకుపచ్చదనమునుగూడ కొలుతురు. ఈ లెక్కలన్నింటిని కలిపి చూడగా ఒక వింత బయల్పడినది. నీటిలో ఎక్కువగ సాగిన మొక్కలు చచ్చుచున్నవి; సాగక ముడుచుకొని యున్నవి బ్రదుకుచున్నవి. నేను పల్లపుచేనిలో చూచి మెచ్చుకొన్న ఆ పొడవే దాని మరణలక్షణము!

ఇందు ఒక వివేచనము అవసరము. సాగుట అన్నిచోట్లను దోషము కాదు. బంగాళమునందును, థాయిలాండునందును నెలలతరబడి నిలుచు లోతునీటిలో పెరుగు వరిజాతులు దినమునకు 20 మొదలు 25 సెంటీమీటర్లవరకు సాగి తలను నీటిపైననే యుంచుకొనును. అవి సాగుటవలననే బ్రదుకును. నీరు వచ్చి పదిపదునైదు దినములలో పోవుచోట సాగుట దండుగ, ఓర్చుట లాభము. రాజనీతిలో యానము, ఆసనము అని రెండు గుణములున్నట్లే మొక్కకును కదలుట, కదలక వేచియుండుట అను రెండు ఉపాయములున్నవి. ఏ ఆపదకు ఏది తగునో నిర్ణయించునది ఆపద నిలుచు కాలము.

ఓర్చి వేచియుండు గుణముగల వంగడము ఎక్కడ దొరకినది? మనకు పొరుగునగల ఒరిస్సాలో. అచ్చటి రైతులు తరతరములుగ పల్లపునేలలలో పండించుచు వచ్చిన ధలాపుటియా అను నాటువరినుండి ఏరి, శుద్ధపరచిన వంగడమునకు 1940వ దశకమున ఎఫ్.ఆర్. 13ఎ అని పేరిడిరి. వరదకోర్చునదను అర్థముగల ఆంగ్లపదముల తొలి యక్షరములే ఆ పేరిలోనివి. ఆ గుణమును సృష్టించినవారు శాస్త్రజ్ఞులు కారు. ప్రతి ముంపుపిమ్మటను బ్రదికియున్న దుబ్బులనుండి విత్తనము దాచుకొన్న కర్షకులు. వారి పేర్లు ఏ కాగితమునను లేవు. 1960లో ఫిలిప్పైన్సుదేశమున లాస్ బాన్యోస్ కడ అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ స్థాపితమయ్యెను. అచ్చట 1970వ దశకమున నానాదేశముల వంగడములను ముంచి పరీక్షింపగా అగ్రస్థానమున నిలిచినవానిలో ఈ ఒరిస్సా వరి యొకటి. దిగుబడి యను ఒక్క కొలతతోనే చూచినయెడల దీనికి కడపటి పంక్తియే గతి. ఇది పొడవుగ పెరిగి పడిపోవును, దిగుబడి స్వల్పము, గింజయు అంత మేలైనది కాదు. కొలత మారగానే కడపటిది మొదటిదయ్యెను.

గుణము దొరకినది గదా, ఇక పని సులభమని తోచును. అట్లు కాలేదు. ఎఫ్.ఆర్. 13ఎ తో సంకరముచేసిన సంతతికి ఓర్పుతోపాటు పడిపోవుటయు, తక్కువ దిగుబడియు, నాసిగింజయు దాయభాగముగ సంక్రమించెను. ఇరువది సంవత్సరముల పాటుపిమ్మట 1990వ దశకారంభమునకు మంచి దిగుబడియు ముంపునకోర్పును కల ఐ.ఆర్. 49830 వంటి వంగడములు సిద్ధమయ్యెను. కాని కర్షకులు వానిని అంతగ ఆదరింపలేదు. తమకు అలవాటైన అన్నపు రుచిని, తమ నేలకు తగిన కాలపరిమితిని విడిచి క్రొత్తదానిని పట్టుటకు వారేల అంగీకరింతురు? ముంపు ఏటేట రాదు. అన్నము మాత్రము ప్రతిపూట తినవలెను. కొలువబడని గుణములను కర్షకుడు తన మనస్సులో కొలుచుచునే యుండెను.

అపుడు విచారణ మరియొక మార్గమున సాగెను. సంకరసంతతిలోని ఒక్కొక్క మొక్కయొక్క ఓర్పును జాగ్రత్తగ కొలిచి, దానిని ఆ మొక్క జన్యుపదార్థమునందలి గురుతులతో సరిచూచుటయే ఆ మార్గము. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో కెనాంగ్ షు, డేవిడ్ మెకిల్ అనువారు 1996లో తమ ఫలితమును ప్రకటించిరి. ఓర్పునందలి భేదములో నూటికి సుమారు 70 వంతులకు తొమ్మిదవ క్రోమోసోముమీది ఒక్క చోటే కారణమని తేలినది. దానికి సబ్-1 అని పేరు. 2006లో పమేలా రోనాల్డ్, జూలియా బెయిలీ-సెరెస్ మున్నగువారుకూడ పాల్గొనిన పరిశోధనమువలన ఆ చోటనున్న జన్యువులలో సబ్-1ఎ అనునదే ముఖ్యమని తెలిసినది. ఇథిలీన్ ఇచ్చు “సాగుము” అను ఆజ్ఞను అది అడ్డగించి, మొక్కను నిద్రావస్థలో నుంచి, దాచిన పిండిని పొదుపు చేయించును. లోతునీటి వరులలో సాగుటకు కారణమగు జన్యువులను 2009లో జపానుదేశీయులు కనుగొనిరి. అవియు ఈ కుటుంబమునకు చెందినవే. ఒకే ఇంటి అన్నదమ్ములలో ఒకడు దేశాంతరము పోయి బ్రదుకగా, మరియొకడు ఇల్లు కదలక బ్రదికినట్లున్నది ఈ కథ.

ఇక్కడ మన ఆంధ్రదేశము ఈ చరిత్రలో ప్రవేశించును. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరునందు 1925లో వరి పరిశోధన స్థానము ఏర్పడెను. అచ్చట వసిష్ఠ, మసూరి అను రెండింటి సంకరమున పుట్టి 1982లో విడుదలయైన వంగడమే ఎం.టి.యు. 7029, అనగా మనమందరము ఎరిగిన స్వర్ణ. దీని జనకమగు మసూరియు చిత్రమైన చరిత్ర కలది. 1950వ దశకమున కటకము కేంద్రముగ జరిగిన ఇండికా-జపానికా సంకరణ ప్రయత్నమునుండి వచ్చి, మలేషియాలో ఎంపికయై 1965లో విడుదలయై, పిదప మన దేశమునకు తిరిగివచ్చినది. స్వర్ణ మన జిల్లాలు దాటి ఒరిస్సా, బంగాళము, ఛత్తీసుగఢము, ఝార్ఖండు మున్నగు తూర్పుదేశములన్నింట ఇంటింటి పంటయయ్యెను. దిగుబడి మెండు, ఎరువుల అవసరము మితము, అన్నము ఇంపు. ఒక్కటే లోపము: మునిగినయెడల బ్రదుకదు.

స్వర్ణను విడిచిపెట్టుమని కర్షకునికి చెప్పుటకంటె, స్వర్ణకే ఆ ఓర్పును చేర్చుట మేలని శాస్త్రజ్ఞులు తలంచిరి. స్వర్ణను ఐ.ఆర్. 49830 తో కలిపి, వచ్చిన సంతతిని మరల మరల స్వర్ణతోనే కలుపుచు, ప్రతి తరమునందును సబ్-1 గురుతుగల మొక్కలను మాత్రము నిలిపి, తక్కినదంతయు స్వర్ణయే యగునట్లు ఎంపికచేసిరి. ఈ పనినిగూర్చి 2007లో ప్రకటితమైన పత్రమున మొదటి పేరు సి. ఎన్. నీరజగారిది, ఆమె హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞురాలు. ఇందు పరజాతి జన్యువును బలవంతముగ చొప్పించుట లేదు. వరికి వరితోడనే వియ్యము. విత్తనమును కర్షకుడు దాచుకొని మరుసటియేడు చల్లుకొనవచ్చును. ఆ విధముగ జనించిన స్వర్ణ-సబ్1 2009లో మన దేశమున విడుదలయయ్యెను. ఒరిస్సా పల్లెలో పుట్టిన ఓర్పు, మార్టేరులో పుట్టిన వరిని చేరుటకు దాదాపు డెబ్బదియేండ్లు పట్టినది.

తొట్టిలోని కొలత చేనిలో నిలుచునా? ఈ ప్రశ్నకు సమాధానము ఒరిస్సాలోనే దొరకినది. అచ్చట 128 గ్రామములలో జరిగిన పరిశీలన ఫలితములు 2013లో ప్రకటితమయ్యెను. చేను పదిదినములు మునిగినపుడు స్వర్ణకంటె స్వర్ణ-సబ్1 హెక్టారునకు 628 కిలోలు, అనగా నూటికి 45 వంతులు అధికముగ పండెను. మన లెక్కలోనికి మార్చినచో ఎకరమునకు సుమారు 254 కిలోలు. 75 కిలోల బస్తాలు మూడింటికి పైమాట. మునుగని యేట దిగుబడి తగ్గలేదు. ఆ పరిశీలకులు మరియొక విషయమును గుర్తించిరి. ముంపు నేలలు ఎక్కువగ ఎవరి చేతులలో నున్నవని చూడగా, షెడ్యూల్డు కులములవారి చేతులలో నున్నవని తేలెను. కావున ఈ విత్తనపు మేలు తక్కినవారికంటె వారికే హెచ్చుగ చేరునని వ్రాసిరి. మెరక ఒకరిదగుట, పల్లము మరియొకరిదగుట దైవనిర్ణయము కాదు. అది భూమి పంపకపు చరిత్ర. ఆ చరిత్రను ఒక గింజ మార్చజాలదు. కాని ఆ చరిత్రవలన ఎక్కువ బాధపడినవానికి కొంత ఊరట నీయగలదు. నేను సున్న వ్రాయించిన చేనుగూడ పల్లమే, కౌలే యని పాఠకులు మరువకుందురుగాక.

దీని హద్దులనుగూడ చెప్పనిది ధర్మము కాదు. ఈ ఓర్పు సుమారు రెండువారములకే. నీరు వెచ్చగను, మిక్కిలి బురదగను ఉన్నచో అంతయును నిలువదు. నడుమువరకు నీరు నెలలకొలది నిలిచియుండు చేలకు ఇది పనికిరాదు. విత్తు మొలకెత్తునపుడు వచ్చు ముంపునకు వేరొక గుణము కావలెను. దానికి కారణమగు జన్యువునొకదానిని 2015లో వేరుగ గుర్తించిరి. పంట పూతకు వచ్చినపిమ్మట వచ్చు తుపానుకు ఈ గింజ జవాబు కాదు. మురుగుకాలువ పూడిక తీయవలసిన పనిని విత్తనముమీదికి నెట్టుటయు న్యాయము కాదు. ఒక్క మేలు మాత్రము అనుకొనకుండనే కలిగినది: నీరు తీసినపిమ్మట ఎండకు తాళుటకును, కొంత బెట్టనుండి తేరుకొనుటకును సబ్-1ఎ తోడ్పడునని 2011లో తెలిసినది.

ఈ కథను గ్రంథాలయపు సంచికలో ఏల వ్రాసితినన్న ప్రశ్నకు బదులు చెప్పి ముగింతును. పైన చెప్పిన అర్థశాస్త్రము శతాబ్దులపాటు పేరునకు మాత్రమే మిగిలియుండి, 1905లో మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున తాటాకుల కట్టగ శ్యామశాస్త్రిగారి కంటబడి, 1909లో అచ్చయ్యెను. ఎవరో దాని విలువ తెలిసియో తెలియకయో దాచిరి. చదువగలవాడు వచ్చువరకు అది ఓర్చియుండెను. ఎఫ్.ఆర్. 13ఎ కథయు నట్టిదే. దానిని దాచినవారికి దానిలోని జన్యువు తెలియదు. దానిని కొలువగలవాడు వచ్చువరకు విత్తనపు గాదెలో నిలిచియుండెను. దాచినవాడును, కొలిచినవాడును ఇద్దరును కావలెను. దాచినది కొలువకున్నచో అది మూట. దాచనిదానిని కొలువనే వీలులేదు.

కావున ఈ రజతోత్సవ సందర్భమున నాదొక చిన్న మనవి. మన గ్రంథాలయమున ఒక పెద్ద పుస్తకము నుంచుదము. మన ఊరిలో ఏ యేట ఏ చేలు ఎన్నిదినములు మునిగినవో, అందు ఏ వంగడము చల్లియుండిరో, నీరు తీసిన పదునాలుగవదినమున ఎన్ని దుబ్బులు చిగిర్చినవో అందు వ్రాయుదము. ప్రభుత్వపు కాగితములలో ఆ దినముల సంఖ్యకు గడి లేదు. మన పుస్తకమున నుండును. మొదటి పంక్తి వ్రాయుటకు నేను సిద్ధముగ నున్నాను. ఆ కౌలురైతు చేనునే మొదట వ్రాయుదును. ఈసారి సున్న కాదు, జరిగినది జరిగినట్లు. ఆలస్యమైన లెక్క ఆయన నష్టమును తీర్చజాలదు. రాబోవు ముంపునాడు గట్టున నిలుచు మరియొకనిని తొందరపడకుండ ఆపినచో, అంతమాత్రమే చాలును.